రెండు చరణాల ఖాళీ

అనసూయత్తయ్య పెద్దకర్మ అయిపోయింది. షామియానా వాళ్ళు కుర్చీలు ఒకదాంట్లో ఒకటి దూర్చి ఆటోలోకి ఎక్కిస్తున్నారు. వంటవాళ్ళు గుండిగలు తోముతున్నారు. మిగిలిన బూరెలు ఎవరికి ఎన్ని కట్టాలో తేల్చుకోలేక మా అక్క తనలో తనే విసుక్కుంటోంది. ఆ హడావిడిలో శేషు బావ నన్ను వెనక గదిలోకి రమ్మన్నాడు. నందిగామ బస్టాండు వెనక సందులో ఉన్న ఆ ఇంట్లో ఇప్పుడు ఆ గదిని స్టూడియో అంటున్నారు. మా చిన్నప్పుడు అది సామాన్ల గది. చింతపండు కుండలూ పాత బొంతలూ కాళ్ళు విరిగిన కుర్చీలూ ఉండేవి. బావ గుండు మీద తువ్వాలు కప్పుకుని లాప్‌టాప్ ముందు కూర్చున్నాడు. ఏదో వెతికి ఒక పాట తెరిచాడు కానీ మోగించలేదు. తెర మీద రెండు చారలు కనిపించాయి, ఒకదాని కింద ఒకటి. పై చార మా అమ్మ గొంతు, కింది చార వాళ్ళమ్మ గొంతు. ఇద్దరూ ఇప్పుడు లేరు. "దీన్నేం చెయ్యమంటావో నువ్వే చెప్పు పద్మా. ఇన్నేళ్ళూ నేను ముట్టుకోలా" అన్నాడు. 

మా ఇళ్ళలో వరసలు తెలియని వాళ్ళకు ముందుగా చెప్పాలి. అనసూయత్తయ్య మా నాన్నకు సొంత అక్క. ఆవిడ కొడుకు శేషు బావకే మా అక్కనిచ్చారు. అంటే మా అమ్మకూ అనసూయత్తయ్యకూ మొదట వదినా మరదళ్ళ వరస, తర్వాత వియ్యపురాళ్ళ వరస. అత్తయ్య కాపురం నందిగామలో, మాది జగ్గయ్యపేటలో. మధ్యలో ఉన్నది ఒక బస్సు దూరం. పండుమిరపకాయలు వచ్చే రోజుల్లో అత్తయ్య పేట వచ్చి మా ఇంట్లో వారం పదిరోజులు ఉండిపోయేది. పెరట్లో రోలు దగ్గర ఇద్దరూ ఎదురెదురుగా నిలబడి, చెరో రోకలీ పట్టుకుని పచ్చడి దంచేవాళ్ళు. ఒక పోటు అమ్మది, ఒక పోటు అత్తయ్యది. కళ్ళమ్మట నీళ్ళు కారిపోతుండేవి, అరచేతులు మండిపోతుండేవి. ఆ మంటలోనే పాటలు మొదలయ్యేవి. మిరప ఘాటుకు ఇల్లంతా దగ్గుతుంటే వాళ్ళిద్దరికీ మాత్రం దగ్గు రాదెందుకో నాకు ఆశ్చర్యంగా ఉండేది. దంచడం అయ్యాక పెరుగు రాసుకుని చేతులు చాపుకుని అరుగు మీద కూర్చుంటే, మేం పిల్లలం వాళ్ళకు అన్నం ముద్దలు కలిపి నోట్లో పెట్టాల్సి వచ్చేది.

వాళ్ళు పాడేవి వియ్యాల పాటలు. పెళ్ళిలో మగపెళ్ళివాళ్ళు భోజనాలకు కూర్చున్నప్పుడు ఆడపెళ్ళివారి తరఫున ఒకావిడ వాళ్ళను ఎగతాళి చేస్తూ ఒక చరణం పాడుతుంది. అవతలి బంతిలోంచి ఇంకొకావిడ అదే వరసలో జవాబు పాడుతుంది. మా చుట్టాల్లో ఎవరింట్లో పెళ్ళైనా అమ్మ ఒకవైపు, అత్తయ్య ఒకవైపు. బంధుత్వం ఎటున్నా సరే, ఇద్దర్నీ విడదీసి ఎదురెదురు చాపల మీద కూర్చోబెట్టేవాళ్ళు. ఆ పాటలకు ఒక కట్టుబాటు ఉండేది. ఎదుటివాళ్ళకు లేని వంకే పాడాలి, ఉన్న వంక జోలికి పోకూడదు. బంగారంలాంటి రంగున్న పిల్లాణ్ణి నల్లపిల్లి అనొచ్చు. నిజంగా నల్లగా ఉన్నవాణ్ణి అనకూడదు. చేతికి ఎముక లేని మనిషిని పిసినారి అనొచ్చు, నిజం పిసినారి ఎదురుగా ఉంటే ఆ చరణం మింగెయ్యాలి. అమ్మ చాప మీద కూర్చునే ముందు అవతలి బంతిని ఒకసారి కలయజూసుకునేది. ఎవరి ఇంట్లో ఏముందో గుర్తు చేసుకుని, ఏ చరణాలు పాడకూడదో మనసులో తీసి పక్కన పెట్టుకునేది.

మా అక్క పెళ్ళి రోజున అమ్మకు ఆ తీరిక దొరకలేదు. పెళ్ళికూతురి తల్లి పాటకు కూర్చోవడమేమిటని ఎవరో అన్నారు కూడా. కానీ అమ్మ లేకపోతే పాటలు సాగవని ఆడవాళ్ళంతా పట్టుబట్టి, వంటశాలలో నెయ్యి గిన్నెతో పరుగులు పెడుతున్న మనిషిని లాక్కొచ్చి చాప మీద కూలేశారు. చెమట కూడా తుడుచుకోలేదు. ఎదురుగా మగపెళ్ళివారి బంతిలో అత్తయ్య, గంజి పెట్టి ఇస్త్రీ చేసిన గద్వాల చీరలో. అమ్మ నాలుగు చరణాలు పాడింది, అత్తయ్య నాలుగు జవాబులు చెప్పింది, పందిరంతా నవ్వులు. అలవాటు చొప్పున అమ్మ తర్వాతి చరణం ఎత్తుకుంది.

విడిదిల్లు నిండింది వదినా
వియ్యంకుడేడమ్మా వదినా
సంతలో గాజులు బేరమాడి
దారి మరిచాడేమొ వదినా

ఏ పెళ్ళిలోనైనా పాడే చరణమే. దానికి కట్టుడు జవాబు కూడా ఉంది. కానీ అత్తయ్య భర్త, మా మామయ్య, నిజంగానే వెళ్ళిపోయిన మనిషి. బావ ఏడో తరగతిలో ఉన్నప్పుడు ఏదో పని మీద హైదరాబాద్ వెళ్ళొస్తానని నందిగామ బస్టాండులో బస్సెక్కి, మళ్ళీ తిరిగి రాలేదు. అత్తయ్య కుంకుమ బొట్టు తీయలేదు, ఆయన ఊసు ఎవరినీ ఎత్తనివ్వలేదు. పెళ్ళి పీటల మీద వరుడి తండ్రి కూర్చోవాల్సిన చోట వాళ్ళ బాబాయిని కూర్చోబెట్టారు. ఇదంతా అమ్మకు తెలియనిదా? ఆవిణ్ణి ఆ రోజుల్లో నెలల తరబడి దగ్గర కూర్చోబెట్టుకుని అన్నం తినిపించింది అమ్మే. కానీ నోరు తన పని తాను చేసుకుపోయింది. పాట వినగానే వెనక బంతుల్లో తెలియని వాళ్ళు నవ్వేశారు. తెలిసిన వాళ్ళ నవ్వు సగంలో ఆగిపోయింది. అత్తయ్య విస్తరి ముందు నుంచి లేచింది, చెయ్యి కడుక్కుంది, విడిదింటికి నడిచి వెళ్ళిపోయింది. అమ్మ నోటి మీద చెయ్యి పెట్టుకుని అలాగే ఉండిపోయింది.

ఆ సాయంత్రమే అమ్మ విడిదింటికి వెళ్ళి కాళ్ళు పట్టుకోబోయింది. అత్తయ్య కాళ్ళు వెనక్కి తీసుకుని, "పాటే కదా రాజ్యం. పాటలకెవరైనా కోపం తెచ్చుకుంటారా?" అంది. కోపమే లేదన్న మనిషిని క్షమించమని ఎలా అడుగుతారు? అక్కడితో అమ్మకు దారి మూసుకుపోయింది. అత్తయ్య మళ్ళీ పేట గడప తొక్కలేదు, అమ్మ నందిగామ వెళ్ళడానికి ముఖం చెల్లలేదు. నాన్న రెండు మూడుసార్లు మధ్యవర్తిత్వం చెయ్యబోయి, ఇద్దరితోనూ చీవాట్లు తిని ఊరుకున్నాడు. అయితే ఒకటి చెప్పాలి. అత్తయ్య ఆ బాధను మా అక్క మీద ఏనాడూ చూపించలేదు. కోడలికి తల దువ్వి జడ వేసేది, వేవిళ్ళప్పుడు ఏది తినాలనిపిస్తే అది వండిపెట్టేది.

తర్వాత నేను నందిగామలో డిగ్రీలో చేరాను. పొద్దున బస్సెక్కి వెళ్ళడం, మధ్యాహ్నం అత్తయ్య ఇంట్లో భోజనం, సాయంత్రం బస్సెక్కి రావడం. అత్తయ్య నాకు వడ్డిస్తూ నాన్న సంగతి అడిగేది, పత్తి ఎట్టా ఉందనేది, పరీక్షలెప్పుడనేది. అమ్మ పేరు నోట రాదు. ఇంటికొచ్చాక అమ్మ నా పుస్తకాల సంచీ అందుకుంటూ, "ఏం వండింది?" అనేది. బీరకాయ పప్పు అనో వంకాయ కూర అనో చెప్పేదాన్ని. "ఉప్పు సరిపోయిందా?" అనేది. సరిపోయిందంటే ఇంకేమీ అడగదు. ప్రతి రోజూ ఆ రెండు ప్రశ్నలే. అమ్మకు అప్పటికే నాలుగు మెట్లెక్కితే ఆయాసం వస్తోంది. బెజవాడ డాక్టరు గుండె బలహీనపడిందన్నాడు, ఉప్పు మానెయ్యమన్నాడు. ఈ మాట అత్తయ్యకు చెప్పొద్దని అమ్మ నా చేత ఒట్టు వేయించుకుంది. జాలిపడి మాట్లాడితే అది మాట్లాడినట్టు కాదని ఆవిడ పట్టుదల.

శేషు బావ ముక్త్యాల వైపు ఒక సిమెంటు ఫ్యాక్టరీలో లారీల కాటా దగ్గర పనిచేసేవాడు. రోజూ నందిగామ నుంచి పేట మీదుగానే వెళ్ళిరావాలి. సాయంత్రం చొక్కా నిండా సిమెంటు బూడిదతో మా ఇంటి ముందు దిగి, అమ్మ ఇచ్చిన టీ తాగి వెళ్ళేవాడు. అతనికి పాటలు రికార్డు చెయ్యడం పిచ్చి. బెజవాడలో విడిభాగాలు కొని తనే ఒక కంప్యూటరు కూర్చాడు. ఊళ్ళో భజన బృందాలకూ స్కూలు వార్షికోత్సవాలకూ పాటలు చేసి క్యాసెట్ల మీద ఇచ్చేవాడు. ఒకరోజు టీ తాగుతూ, "అత్తా, వియ్యాల పాటలు రికార్డు చేద్దాం. నువ్వూ అమ్మా తప్ప ఇంకెవరికీ పూర్తిగా రావు. మా అమ్మ పాడతానంది" అన్నాడు. అమ్మ చేతిలో గ్లాసు ఆగింది. "వదిన ఒప్పుకుందా?" అంది. ఒప్పుకుందన్నాడు. నందిగామ వెళ్ళి వాళ్ళమ్మతో, పేట అత్త పాడతానందనీ నువ్వే మిగిలావనీ చెప్పాడు. రెండూ అబద్ధాలే, రెండూ పనిచేశాయి. ఇద్దరూ ఒకేచోట కూర్చోనక్కర్లేదు, ఎవరింట్లో వాళ్ళు పాడొచ్చు, కంప్యూటరులో కలిపేస్తానన్నది అతని ధైర్యం.

ఇప్పుడు విజయవాడలో మా అపార్టుమెంటులో పిల్లలు మంచం మీద పడుకుని ఫోనులో పాడి, మరుక్షణం ప్రపంచానికంతటికీ వినిపిస్తున్నారు. అప్పట్లో ఒక పాట పట్టాలంటే ఇల్లంతా కదలాలి. బావ సీపీయూని బొంతలో చుట్టి, నందిగామ బస్సులో ఒళ్ళో పెట్టుకుని, పసిపిల్లను తెచ్చినట్టు తెచ్చాడు. మానిటరు నా ఒళ్ళో. "మైకు సంగతి తర్వాత, ముందు గది చూసుకోవాలి" అనేవాడు. ఎంత ఖరీదైన మైకైనా ఖాళీ గోడల గదిలో పెడితే కుండలో పాడినట్టే ఉంటుందట. ఆ యేడు ధర కోసం నాన్న పత్తి అమ్మకుండా ఇంట్లోనే పోసుకున్నాడు. నడుం ఎత్తున పత్తి ఉన్న ఆ గదిలోకి వెళ్ళి బావ ఒక్క చప్పట కొట్టాడు. చప్పుడు అక్కడికక్కడే చచ్చిపోయింది. ముఖం వెలిగిపోయి, "ఇట్టాంటి గది మద్రాసులో కూడా దొరకదు" అన్నాడు. ఫ్యాను ఆపించాడు. కోళ్ళను గంప కింద మూయించాడు. అమ్మ గాజులు గలగలమంటాయని చేతిరుమాలు చుట్టి కట్టాడు. మా అక్క ఎంబ్రాయిడరీ ఫ్రేముకు పాత వాయిల్ చీర ముక్క బిగించి మైకు ముందు నిలబెట్టాడు, గట్టి అక్షరాలు పలికినప్పుడు ఊపిరి నేరుగా మైకుకు కొట్టకుండా. జానెడు దూరంలో, నోటికి కొంచెం పక్కగా మైకు. గొంతు ఎంత పెంచినా తెర మీద ఎర్ర గీత తగలకూడదన్నాడు. తక్కువగా పడితే తర్వాత పెంచుకోవచ్చు, పగిలిపోతే మాత్రం ఎవరూ అతికించలేరట. పాట మొదలుపెట్టకముందు ఎవరినీ కదలొద్దని, ఖాళీ గదిని కూడా కాసేపు రికార్డు చేశాడు. ఆ గది హోరు ఎలా ఉంటుందో తెలిస్తేనే దాన్ని తర్వాత తీసెయ్యగలనన్నాడు. చరణం చరణానికీ సేవ్ కొట్టేవాడు, కరెంటు ఎప్పుడు పోతుందో తెలియదు కదా.

చిక్కు తాళం దగ్గర వచ్చింది. ఇద్దరూ వేర్వేరు రోజుల్లో పాడినా కలవాలంటే ఇద్దరికీ ఒకే నడక వినిపించాలి. బావ హెడ్‌ఫోన్స్‌లో టిక్కు టిక్కుమనే శబ్దం పెట్టాడు. అమ్మ ఒక్క నిమిషం విని తీసేసింది. "గోడగడియారం పక్కన పెట్టుకుని ఎవరైనా పాడతారా నాయనా? నా వల్ల కాదు" అంది. బావ తల గోక్కున్నాడు. చివరికి పెరట్లోకి వెళ్ళి, రోట్లో నాలుగు ఎండు కొబ్బరి చిప్పలు వేసి, అమ్మ చేత రోకలి పోట్లు వేయించి వాటిని రికార్డు చేసుకొచ్చాడు. ఒక పోటును నకలు తీసి వరసగా పేర్చుకుంటూ పోయాడు. అది చెవిలో పడగానే అమ్మ నడుం నిటారైంది, గొంతు దానంతటదే లేచింది. ఆయాసం వల్ల చరణానికొకసారి ఆగాల్సి వచ్చింది. బావ విసుక్కోలేదు. ఒక్కో చరణం విడిగా తీసుకుని అతికిస్తానన్నాడు. అమ్మ ఒక చరణం పాడటం, అత్తయ్య జవాబుకు ఒక చరణమంత జాగా వదలడం, మళ్ళీ పాడటం. అలా సాగింది.

నాలుగు చరణాలయ్యాయి. తర్వాత వచ్చేది ఏదో నాకు తెలుసు. అమ్మ నోరు విప్పలేదు. చెవుల్లో రోకలి పోటు పడుతుంటే తొడ మీద చేత్తో తాళం వేసుకుంటూ, ఒక చరణమంత సేపు ఊరుకుంది. దానికి జవాబంత సేపు కూడా ఊరుకుంది. ఆ తర్వాత గారెల చరణం ఎత్తుకుంది. పాటంతా అయ్యాక బావ, "మధ్యలో రెండు చరణాల ఖాళీ ఎక్కువొచ్చింది, కత్తిరించేస్తా అత్తా" అన్నాడు. "కత్తిరించొద్దు శేషూ. అది అట్టాగే ఉండనివ్వు. వదినకు తెలుస్తుంది" అంది అమ్మ. రుమాలు విప్పుకుని, గాజులు సర్దుకుని, పత్తి గదిలోంచి బయటికి వచ్చి గోడ పట్టుకుని నిలబడింది. ఆ వేళ అమ్మ ముఖంలో నేను ఏళ్ళ తరబడి చూడని నెమ్మది ఉంది.

ఆ వారంలోనే నందిగామలో అత్తయ్య వంతు. ఈ సామాన్ల గదిలోనే. హైవే హారన్లు వినపడకుండా బావ దండేలు కట్టి బొంతలన్నీ వేలాడదీశాడు. అత్తయ్య గంజి చీర కట్టుకుని వచ్చి కూర్చుంది. కదిలితే చాలు, చీర గరగరమని మైకులో పడుతోంది. పాత మెత్తటి చీర కట్టుకోమని బావ బతిమాలితే, "పాటకు కూర్చునేటప్పుడు నలిగిన చీరేంట్రా, ఎదురుగా ఉన్నది ఎవరనుకున్నావు?" అంది. ఎదురుగా ఉన్నది గోడా ఒక మైకూ. అయినా ఆవిడ దృష్టిలో ఎదురు చాప మీద మా అమ్మ ఉంది. చివరికి కదలకుండా కూర్చుంటానని మాటిచ్చింది. మైకులోకి అమ్మ గొంతు దూరకుండా బావ స్పీకరు ఆపేసి, ఆవిడ చెవులకు హెడ్‌ఫోన్స్ తగిలించాడు. జుట్టు ముడి అడ్డొస్తుందని నేను కాస్త కిందికి జార్చాను.

మొదటి చరణం సగంలోనే అత్తయ్య హెడ్‌ఫోన్స్ లాగేసింది. "రోలు మన పేట రోలే" అంది. నేను తలూపాను. తర్వాత నా ముఖంలోకి చూసి, "అది అట్టా ఆయాసపడతందేంటే?" అని అడిగింది. పెళ్ళిపందిట్లో ఎదురు చాప మీది నుంచి వినిపించని అమ్మ ఊపిరి, హెడ్‌ఫోన్స్‌లో చెవి పక్కనే కూర్చుని రొప్పినట్టు వినిపించింది. అమ్మకిచ్చిన ఒట్టు నేను తీసి గట్టున పెట్టాను. అంతా చెప్పేశాను. ఉప్పు మానెయ్యమన్నారని చెప్పినప్పుడు అత్తయ్య కళ్ళు తుడుచుకుంది. ఇంకేం మాట్లాడకుండా హెడ్‌ఫోన్స్ తనే పెట్టుకుని, కానివ్వమన్నట్టు బావకు చెయ్యి ఊపింది. నాలుగు జవాబులూ ఎక్కడా తడబడకుండా పాడింది.

ఆ తర్వాత రోకలి పోట్లు తప్ప ఏమీ లేవు. అత్తయ్య కాసేపు చూసింది. "ఇక్కడ పోయిందేంట్రా?" అంది. "పోలేదమ్మా. ఖాళీగా వదిలెయ్యమంది. నీకు తెలుస్తుందంది" అన్నాడు బావ.  నేను మంచినీళ్ళు తెస్తే అత్తయ్య తాగలేదు. "మళ్ళీ వెయ్యి, ముందునుంచి" అంది. ఈసారి ఆ ఖాళీ రాగానే ఆవిడ నోరు విప్పింది. అమ్మ పాడవలసిన చరణం, పెళ్ళిలో విస్తరి ముందు నుంచి లేపేసిన చరణం, తనే పాడింది. విడిదిల్లు నిండింది వదినా, వియ్యంకుడేడమ్మా వదినా. తనను తనే ఎగతాళి చేసుకుంటూ, అమ్మ పాడే తీరులోనే చివర కాస్త సాగదీసి మరీ పాడింది. బావ మౌసు మీద చెయ్యి అలాగే పెట్టి బిగుసుకుపోయాడు. ఆ ఇంట్లో వాళ్ళ నాన్న మాట పైకి వినపడటం అదే మొదటిసారి. చరణం ముగిసేసరికి ఆవిడ కళ్ళమ్మట నీళ్ళు కారుతున్నాయి. ఒక పోటు ఆలస్యంగా అందుకుంది జవాబు.

దారి మరవలేదమ్మా మరదలా
పొలిమేరనాగాడు మరదలా
మీ పప్పులో ఉప్పెంతొ చూసి
కబురు పంపమన్నాడు మరదలా

పాడి, హెడ్‌ఫోన్స్ తీసి ఒళ్ళో పెట్టుకుని, ఏడ్చింది. మామయ్య వెళ్ళిపోయినప్పుడు కూడా ఆవిడ మా ఎవరి ముందూ ఏడవలేదని అక్క అంటుంది. తేరుకున్నాక మిగిలిన జవాబులు కూడా పాడి, "ఇవాళే పట్టుకెళ్ళి దానికి వినిపించు" అంది. బావ నవ్వాడు. "ఇవాళెట్టా అమ్మా? ఇది పచ్చిది. రెండు గొంతులూ కలిపి మిక్సింగ్ చెయ్యాలి, హోరు తియ్యాలి, క్యాసెట్ మీద ఎక్కించాలి. అత్తకు ఒకేసారి మంచిగా వినిపిద్దాం." ఆ మాటలో తప్పేమీ లేదు. రికార్డు చేసిన రోజు మిక్సింగ్‌కు కూర్చోకూడదని అతను అందరికీ చెప్పేవాడు. అలిసిన చెవికి తప్పులు దొరకవు, కొన్నాళ్ళు పక్కన పెట్టి తాజా చెవితో వినాలి. శబ్దం తగ్గించుకుని వినాలి, తక్కువ శబ్దంలో మాట స్పష్టంగా ఉంటేనే మిక్సింగ్ కుదిరినట్టు. మంచి స్పీకర్లలో విన్నది నమ్మకుండా డొక్కు టేప్ రికార్డరులో కూడా విని చూడాలి. ఇద్దరు గొంతుల్నీ నడిమధ్యలో కుక్కకుండా ఒకరిని కొంచెం ఎడమకూ ఒకరిని కొంచెం కుడికీ కూర్చోబెట్టాలి. ఎకో ఎక్కువ వేస్తే గొంతు దూరమైపోతుంది. ఈ రోజుకీ రికార్డింగు గురించి ఎవరు అడిగినా నేను బావ దగ్గర విన్న ఈ మాటలే చెబుతాను. అన్నీ సరైన మాటలే. అత్తయ్య, "నీకు తెలిసిన పని. నీ ఇష్టం" అని లేచి వంటింట్లోకి వెళ్ళిపోయింది.

మర్నాడు బావ డ్యూటీకి వెళ్తూ పేటలో దిగాడు. అమ్మ గుమ్మంలోనే అడిగింది, "పాడిందా?" అని. పాడిందన్నాడు. "అన్నీనా?" అంది. "అన్నీ పాడింది. ఆదివారం తెస్తా, నువ్వే విందువుగాని" అన్నాడు. ఆ ఖాళీలో ఏముందో చెప్పేస్తే విన్నప్పటి ముచ్చట పోతుందని అతని ఆలోచన. నేను కూడా అదే అనుకుని నోరు మూసుకున్నాను. అమ్మ ఇంట్లో ఉన్న పాత టేప్ రికార్డరును గుడ్డ పెట్టి తుడిచి, కొత్త సెల్లులు తెప్పించి వేయించింది. శనివారం పొద్దున కాఫీ కలుపుతూ వంటింటి గోడకు ఆనుకుని కూర్చుండిపోయింది. మేం ఆటో తెచ్చేలోపే అయిపోయింది.

పెళ్ళి తర్వాత అత్తయ్య పేట ఇంట్లో అడుగు పెట్టడం ఆ రోజే. నలిగిన చీరలో వచ్చింది, చెప్పులు కూడా లేవు. అమ్మ తల దగ్గర కూర్చుని, చెవి దగ్గర వంగి, చుట్టూ ఉన్న వాళ్ళెవరినీ పట్టించుకోకుండా, "పాడానే రాజ్యం. నీ చరణం కూడా నేనే పాడానే. వినకుండా పోయావేంటే" అంది. అదే మాట ఎన్నిసార్లు అందో. గుమ్మం దగ్గర నిలబడి ఉన్న బావ గోడకేసి తిరిగాడు. అత్తయ్య అతన్ని ఆ రోజే కాదు, ఆ తర్వాత కూడా ఒక్క మాట అనలేదు. అనకపోవడమే అతనికి శిక్షయింది. ఆవిడ పెళ్ళిళ్ళకు వెళ్ళేది, చాప మీద కూర్చునేది, పాట అడిగితే ఎదురుగా ఎవరున్నారని అడిగేది. కొన్నాళ్ళకు అడిగేవాళ్ళూ లేకుండా పోయారు. ఇప్పుడు భోజనాల దగ్గర డీజే మోగుతుంది, పక్కవాడితో మాట్లాడాలన్నా అరవాలి. బావ మాత్రం ఒక పద్ధతి మార్చుకున్నాడు. తన దగ్గర ఎవరు పాడించుకున్నా, మిక్సింగ్ కాకముందే ఆ పచ్చి పాటను వాళ్ళ చేతిలో పెట్టి పంపిస్తాడు. ముందు వినాల్సినవాళ్ళకు వినిపించుకోండి, బాగుచేసే పని నాది అంటాడు. జనం దాన్ని అతని చాదస్తం అనుకుంటారు.

పెద్దకర్మ నాటి మధ్యాహ్నం బావ తెర మీద ఒకచోట వేలు పెట్టి చూపించాడు. "ఇదిగో, అమ్మ ఇక్కడ ఒక పోటు ఆలస్యమైంది. దాంతో ఆఖరి మాట మీ అమ్మ తర్వాతి చరణం మీద పడతంది. జరిపితే సరిపోద్ది, ఒక్క నిమిషం పని. నాకే చెయ్యి రాలా. ఏడుస్తా పాడింది కదా, దిద్దడమేంటనిపిస్తది." గుమ్మంలోకి వచ్చి నిలబడిన అక్క కూడా నా వైపే చూసింది. నాకు ఆలోచించాల్సిన పని లేకపోయింది. అత్తయ్య జన్మలో తాళం తప్పి ఎరగదు. తప్పిందని తెలిస్తే సిగ్గుతో చచ్చిపోయేది. అమ్మ విని ఉంటే, ఎంత ఏడుపొచ్చినా ముందు అనే మాట అదే, వదిన తాళం తప్పిందని. "సరిచెయ్యి బావా. మా అమ్మ వంక పెడతది" అన్నాను. అక్క నవ్వింది. ఆ నవ్వు ఎక్కువసేపు నిలవలేదు.

బావ ఆ ముక్కను పట్టుకుని వెంట్రుకవాసి వెనక్కి జరిపాడు. స్పీకరు పెట్టాడు. మేం ముగ్గురం నిలబడే విన్నాం. అత్తయ్య తన చరణం తనే పాడుకుంది, జవాబూ తనే చెప్పింది, ఆఖరి మాట సరిగ్గా పోటు మీద ముగిసింది. ఆ వెంటనే, ఊపిరి గట్టిగా తీసుకుని, అమ్మ అందుకుంది. వదిన ఏం పాడిందో తెలియదు, తనను క్షమించిందని తెలియదు. ఆ ఖాళీ తర్వాత ఎంత గుండె నిబ్బరం తెచ్చుకుని ఎత్తుకుందో ఏమో, గొంతు మాత్రం నవ్వుతూనే ఉంది. ఆకులో గారెలేవి వదినా, కొంగులో మూటేంటి వదినా, చెప్పవేం వదినా అని పిలుస్తోంది.